కొత్త లేని పిల్ల

ఆవిడ ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే, ఆవిడకంటే ముందు భర్తే జవాబు చెప్పేవాడు.

"పిల్లల్ని ఏడిపిస్తుందండీ. దానికి జీతం కూడా ఇస్తారు" అనేవాడు, కంటికి తగిలించుకున్న భూతద్దం తీయకుండానే. ఆయన గడియారాలు బాగుచేసేవాడు. వీధి మలుపులో ఆయన కొట్టు ఎంత చిన్నదంటే, ఆయన లోపల కూర్చుంటే గిరాకీ వచ్చినవాళ్లు గుమ్మం బయటే నిలబడి మాట్లాడాలి.

"మీ మాటలకేం గానీ" అని ఆవిడ భర్తను కసిరి, అడిగినవాళ్లకు అసలు సంగతి చెప్పడం మొదలుపెట్టేది. అయితే అది రెండు ముక్కల్లో తేలే ఉద్యోగం కాదు. విన్నవాళ్లలో సగం మంది చివరికి భర్త చెప్పిందే నయమనుకుని వెళ్లిపోయేవారు.

ఊళ్లోని విశ్వవిద్యాలయంలో పసిపిల్లలు ఎలా ఎదుగుతారు, ఎలా నేర్చుకుంటారు అని పరిశోధన చేసే విభాగం ఒకటుంది. ఆ భవనం వెనకవైపు, కింది అంతస్తులో ఒక గది. నేలంతా మెత్తటి తివాచీ, రెండు కుర్చీలు, ఒక బుట్టనిండా బొమ్మలు, ఒక గోడకు పెద్ద అద్దం. గదిలోంచి చూస్తే అది మామూలు అద్దమే. దాని వెనక చీకటి గదిలో కూర్చున్న పరిశోధకులకు మాత్రం ఇవతల జరిగేదంతా కనిపిస్తుంది. ఏడాది వయసు పిల్లనో పిల్లాణ్నో తీసుకుని తల్లి ఆ గదిలోకి వస్తుంది. బిడ్డ బొమ్మలతో ఆటలో పడ్డాక తలుపు తెరుచుకుని, వాళ్లెన్నడూ చూడని ఒక ఆడమనిషి లోపలికి వస్తుంది. కాసేపు ఊరికే కూర్చుంటుంది. తర్వాత తల్లితో నాలుగు మాటలు మాట్లాడుతుంది. ఆపైన కింద కూర్చుని నెమ్మదిగా ఒక బొమ్మను బిడ్డవైపు జరుపుతుంది. ఈలోగా తల్లి లేచి బయటకు వెళ్తుంది. అప్పుడు ఆ బిడ్డ ఏం చేస్తుంది, తల్లి తిరిగి రాగానే ఏం చేస్తుంది అన్నది పరిశోధకులు చూడాలి. తలుపు తీసుకుని వచ్చే ఆ ముక్కూమొహం తెలియని మనిషే మన ఆవిడ. విభాగంలో చదువుకునే కుర్రకారు ఆవిడకు 'కొత్తత్త' అని పేరు పెట్టారు. ఆ పేరే నిలిచిపోయింది.

అంతకుముందు ఆవిడ ఒక సినిమా హాల్లో టిక్కెట్లు అమ్మేది. టిక్కెట్టుతోపాటు ఒక పలకరింపు కూడా ఇచ్చి పంపడం ఆవిడకు అలవాటు. వరసలో నిలబడ్డ ముసలాయన మోకాళ్ల నొప్పి ఎలా ఉందో, పక్కనున్న అమ్మాయి పరీక్ష ఏమైందో కనుక్కోనిదే కిటికీలోంచి టిక్కెట్టు బయటకు వచ్చేది కాదు. వెనక ఉన్నవాళ్లు గోల చేస్తే, "బొమ్మ ఎక్కడికీ పోదు, ఉండండి" అని గదమాయించేది. హాలు మూతపడ్డాక కొన్నాళ్లు ఇంట్లో కూర్చుంది. మాట్లాడటానికి మనిషి లేక ఆవిడ, చెవులకు విశ్రాంతి లేక ఆయన ఇద్దరూ చిక్కిపోయే సమయానికి ఈ ఉద్యోగం కబురు తెలిసింది.

విభాగానికి పెద్ద ఒక ప్రొఫెసరమ్మ. పొట్టి జుట్టు, గబగబా నడక, ఎవరి మాటైనా చివరిదాకా వినే ఓపిక ఉన్న మనిషి. మన ఆవిడ చెప్పిందంతా విని, "మీరు బాగా మాట్లాడతారు. ఇక్కడ తక్కువ మాట్లాడాలి. చేతనవుతుందా?" అని అడిగింది.

"చేతకాదు మేడమ్. కానీ నేర్చుకుంటాను" అంది ఆవిడ.

ఆ జవాబుకే ఉద్యోగం వచ్చింది. మొదటి రోజే పోవాల్సింది కూడా. తల్లి బయటకు వెళ్లగానే గదిలోని బుడతడు పెదవి విరిచాడు. వాడు నోరు తెరిచేలోపే ఆవిడ వాణ్ని ఎత్తి భుజాన వేసుకుని, గదంతా తిరుగుతూ ఏదో కూనిరాగం తీసింది. అద్దం వెనక అందరూ తలలు పట్టుకున్నారు.

"మీరు వాడి ఏడుపు ఆపేశారు. మాకు కావలసింది ఆ ఏడుపే" అంది ప్రొఫెసరమ్మ.

ఆవిడకు మండుకొచ్చింది. "పసివాడు ఏడుస్తుంటే చేతులు ముడుచుకుని చూడటానికి నేను మనిషినా, మానునా? మీ ఉద్యోగం మీరే ఉంచుకోండి" అని సంచీ తీసుకుంది.

ప్రొఫెసరమ్మ కోపగించుకోలేదు. "వెళ్లేముందు ఒక్కసారి అద్దం ఇవతల నుంచి చూడండి" అని చీకటి గదిలోకి తీసుకెళ్లింది. అద్దానికి అవతల ఇంకో తల్లీ, ఇంకో పాపా ఉన్నారు. తల్లి బయటకు వెళ్లగానే పాప ఏడుపు అందుకుంది. వెంటనే తల్లిని లోపలికి పంపారు. పాప పాకుతూ వెళ్లి తల్లి మోకాళ్లు చుట్టేసుకుని ఒడిలో మొహం దాచుకుంది. ఏడుపు వెక్కిళ్లలోకి దిగింది. ఇంకాసేపటికి తడి కళ్లతోనే తల పక్కకు తిప్పి, కింద పడి ఉన్న చెక్క గుర్రాన్ని చూసింది. మరుక్షణం ఒడి దిగి దానివైపు బయల్దేరింది.

"చూశారా, ఆ పిల్లకి ఏడవడానికి ఒక చోటుంది. ఆ చోటుంది కాబట్టే మళ్లీ ఆటకు పోయింది. కొత్తవాళ్లని చూసి బెదిరిందంటే తనవాళ్లెవరో దానికి తెలిసిందన్నమాట. ఏడుపు మరీ ఎక్కువైతే వెంటనే ఆపేస్తాం. ఏ బిడ్డనీ బాధపెట్టడం మా పని కాదు" అంది ప్రొఫెసరమ్మ.

ఆవిడ సంచీ మళ్లీ కొక్కేనికి తగిలించింది.

రానురాను ఆ పనిలో ఆవిడ చెయ్యి తిరిగిపోయింది. బస్సు కోసం ఎదురుచూసే మనిషిలా, ఎవరినీ పట్టించుకోనట్టు వచ్చి కూర్చోవడం పట్టుబడింది. ఎంత నవ్వాలో అంతే నవ్వడం నేర్చుకుంది. గదిలో దాచుకున్న మాటలన్నీ సాయంత్రం ఇంటికొచ్చాక భర్త మీద ఖర్చుపెట్టేది. కూరగాయల బజారులో ఎవరో ఒక బుడ్డది ఆవిణ్ని చూసి తల్లి వెనక నక్కితే, ఆ తల్లి "మన కొత్తత్తేనే!" అని నవ్వేది. ఆవిడకు అదో ముచ్చట.

ఇదిలా ఉండగా ఆవిడ కూతురి ఇంట్లోకి ఒక పిల్ల వచ్చింది.

కూతురు పోస్టాఫీసులో పనిచేసేది. అల్లుడికి బేకరీ ఉంది. కింద బేకరీ, పైన కాపురం. పెళ్లయి చాలాకాలమైనా పిల్లలు కలగలేదు. ఇద్దరూ దత్తత తీసుకుందామని అనుకుని, అడిగిన కాగితాలన్నీ ఇచ్చి ఎదురుచూస్తే, చివరికి ఒక శిశుగృహం నుంచి కబురు వచ్చింది. ఆడపిల్ల, మూడో ఏడు నడుస్తోంది, తెచ్చుకోవచ్చు అని.

పిల్లను ఇంటికి తెచ్చిన రోజు బేకరీ మేడ మీద ఇసుక వేస్తే రాలనంత జనం. అల్లుడి తల్లి, ఇద్దరు ఆడపడుచులు, ఇరుగుపొరుగు అందరూ చేరారు. కొత్త చోటు, కొత్త మొహాలు, పిల్ల గుక్కపట్టి ఏడుస్తుందేమోనని అందరికీ లోపల భయమే. పసుపుపచ్చ స్వెట్టరు, పొట్టిగా కత్తిరించిన జుట్టు, గుండ్రటి కళ్లు. ఆ పిల్ల ఏడవలేదు. ఎవరు చేతులు చాపితే వాళ్ల దగ్గరకు వెళ్లింది. అందరినీ చూసి నవ్వింది. ఆడపడుచు చంక దిగి పొరుగింటామె ఒళ్లోకి, అక్కణ్నుంచి ఇంకొకరి ఒళ్లోకి ఎక్కింది. మధ్యలో కింద మైదా బస్తా దించిన మనిషి డబ్బుల కోసం పైకి వస్తే, అతనికీ చేతులు చాపింది.

"చూశావా వదినా, కొత్తా పాతా లేదు! ఎంత కలుపుగోలు పిల్లో!" అని వియ్యపురాలు మురిసిపోయింది.

అమ్మమ్మ ఒళ్లోకి కూడా వచ్చింది పిల్ల. కోటు గుండీని ఒకసారి తిప్పి చూసింది, మొహంలోకి చూసి నవ్వింది, తర్వాత జారి దిగి, వెనక్కి తిరిగైనా చూడకుండా పక్క ఒడిలోకి వెళ్లిపోయింది.

ఇంటికి నడిచి వస్తున్నంతసేపూ ఆవిడ నోరు మెదపలేదు. అది ఎన్నడూ జరగని విషయం కాబట్టి భర్త కంగారుపడ్డాడు.

"ఏంటి, ఒంట్లో బాలేదా?"

"ఆ పిల్ల ఎవరికీ కొత్త చేయలేదండీ."

"మంచిదేగా?"

"బస్తా మనిషి మెట్లు దిగుతుంటే అతని వేలు పట్టుకుని కిందికి వెళ్లిపోబోయింది. మనమ్మాయి ఎక్కడుందని కూడా చూసుకోలేదు. దానికి మనమ్మాయీ, అతనూ ఒకటే."

"ఇవాళేగా వచ్చింది" అన్నాడాయన. అదీ నిజమే. కానీ ఆవిడ మనసు కుదుటపడలేదు. తన మొహం చూసి బెదరని పిల్లలను ఆవిడ ఎంతో మందిని చూసింది. వాళ్లలో ధైర్యం గల పిల్లలు కూడా ముందు తల్లివైపు ఒక చూపు విసిరి, ఆ తర్వాతే తనవైపు అడుగు వేసేవాళ్లు. ఈ పిల్ల ఆ చూపు విసరలేదు.

మర్నాడు ప్రొఫెసరమ్మ గదికి వెళ్లి చెప్పింది. ప్రొఫెసరమ్మ పని పక్కనపెట్టి, తలుపు దగ్గరకు వేసి, ఎదురుగా కూర్చుని విన్నది.

"శిశుగృహంలో ఒక చెయ్యి పోయి ఇంకో చెయ్యి వస్తుంటుంది. పొద్దున ఒకామె, మధ్యాహ్నం ఇంకొకామె. ఎవరి చెయ్యి అందితే ఆ చెయ్యి పట్టుకోవడం ఆ పిల్ల నేర్చుకుంది. అలా నేర్చుకోబట్టే అక్కడ నెగ్గుకొచ్చింది. దాన్ని తప్పుపట్టకండి."

"మారుతుందా మేడమ్?"

"చాలామంది మారతారు. కొందరు త్వరగా, కొందరు నిదానంగా. కొందరిలో ఆ అలవాటు కాస్త మిగిలిపోతుంది కూడా. ఫలానా రోజుకి అని నేను చెప్పలేను."

"మరి ఏం చేయాలి?"

"ఒకే చేతులు. తినిపించడం, స్నానం, పడుకోబెట్టడం, దెబ్బ తగిలితే ఊదడం, అన్నీ మీ అమ్మాయో అల్లుడో చేయాలి. మిగతావాళ్లు కొన్నాళ్లు పక్కన ఉండాలి. మీరు కూడా."

ఆ చివరి మాట ఆవిడకు ఎక్కడో గుచ్చుకుంది. అయినా ఆ సాయంత్రమే కూతురింటికి బయల్దేరింది. అక్కడే దెబ్బతింది.

వెళ్లిన మనిషి నెమ్మదిగా కూతుర్ని పక్కకు పిలిచి చెప్పి ఉంటే బాగుండేది. కానీ గుమ్మంలో అడుగుపెట్టేసరికి పిల్ల వియ్యపురాలి చంకలో ఉంది. ఆడపడుచు ఒకామె బిస్కెట్టు తినిపిస్తోంది. ఆవిడ సోఫాలో కూడా కూర్చోకుండానే మొదలుపెట్టింది. "వదినా, ముందు పిల్లని దించు. అమ్మాయ్, ఆ బిస్కెట్టు వాళ్లమ్మ చేతికివ్వు. ఇవాళ్టినుంచి దీన్ని ఎవరూ ఎత్తుకోకూడదు."

వియ్యపురాలి మొహం నల్లబడింది. "నా మనవరాలిని నేనెత్తుకోకూడదా? ఇదెక్కడి చోద్యం!" అని పిల్లను దించి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. ఆడపడుచు ఆమె వెనకే వెళ్లింది.

కూతురు తల్లిని వంటింట్లోకి తీసుకెళ్లింది. గొంతు పెంచలేదు.

"అమ్మా, ఇది నా ఇల్లు. నీ అద్దాల గది కాదు. నిన్నటినుంచీ చూస్తున్నాను, నువ్వు దాన్ని మనవరాలిని చూసినట్టు చూడటంలేదు. ఇన్నాళ్లకి నాకో పిల్ల దొరికింది. సంతోషపడటం మానేసి అందులో వంకలు వెతుకుతున్నావు."

"వంకలు కాదే తల్లీ..."

"ఇంక చాలమ్మా."

ఆవిడ టీ కూడా తాగకుండా ఇంటికి వచ్చేసింది. రాత్రి భోజనాల దగ్గర భర్తకు మొత్తం చెప్పి, "నేను చెప్పిందాంట్లో తప్పేముంది?" అని అడిగింది.

"తప్పేం లేదు. కానీ బ్లాకులో టిక్కెట్లు అమ్మేవాణ్ని తరిమినట్టు చెప్పావు" అన్నాడాయన.

ఆవిడకు కోపం రావాలి గానీ నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. మర్నాడు, ఆ మర్నాడు కూడా కూతురింటి వైపు వెళ్లలేదు. ఫోను చేయాలని చేతిలోకి తీసుకోవడం, మళ్లీ పెట్టేయడం.

చివరికి కూతురే వచ్చింది, ఒంటరిగా. పిల్లను భర్త దగ్గర వదిలి వచ్చానంది. బల్ల దగ్గర కూర్చుని, గ్లాసు చుట్టూ వేలు తిప్పుతూ చెప్పడం మొదలుపెట్టింది.

"పార్కుకి తీసుకెళ్లానమ్మా. ఒక్క నిమిషం చెప్పు బిగించుకుందామని వంగాను. లేచేసరికి కనబడలేదు. చూస్తే గేటు దగ్గర, ఎవరో కుక్కని తిప్పుకుంటున్న ఆవిడ చెయ్యి పట్టుకుని నడిచి వెళ్లిపోతోంది. ఆవిడ పాపం ఈ పిల్ల తల్లి ఎవరా అని వెతుకుతోంది. నేను పరుగెత్తుకెళ్లాను. నన్ను చూసి నవ్విందమ్మా. ఆవిణ్ని చూసి ఎలా నవ్విందో అలాగే." కూతురు గ్లాసు పక్కకు జరిపింది. "నేను దానికి ఎవర్నమ్మా?"

ఈ నాలుగు రోజుల్లో ఆవిడ కూతురికి చెప్పాలనుకున్న మాటలు ఎన్నో కూడబెట్టుకుంది. అవన్నీ పక్కన పెట్టింది. లేచి వెళ్లి కూతురి తల పొట్టకు ఆనించుకుంది.

"ఇంకా ఎవరివీ కాదు. అవుతావు" అంది.

కూతురు ఏడ్చినంతసేపు ఏడవనిచ్చి, అప్పుడు అడిగింది, "నీకేం కావాలో చెప్పు. నేను సలహాలివ్వను."

"సలహాలు కూడా కావాలిలే" అని కూతురు ముక్కు తుడుచుకుంది. "కానీ ముందు ఊపిరాడటం లేదమ్మా. సెలవైతే పెట్టాను గానీ వంట, గిన్నెలు, బట్టలు... దాని పక్కన స్థిమితంగా కూర్చోడానికే కుదరడం లేదు."

"అవన్నీ నావి" అంది తల్లి.

మర్నాడు పొద్దున్నే ఆవిడ ముందుగా వెళ్లింది వియ్యపురాలి ఇంటికి. తలుపు తీసిన వియ్యపురాలు "రండి" అని బహువచనంలో పిలిచింది. అంటే కోపం ఇంకా తగ్గలేదు.

"వదినా, నా నోటికి బుద్ధి లేదు. నిన్ను దించమన్నాను గానీ, ఎత్తుకోకుండా ఉండలేనిది నిజానికి నేను. అందుకే నీ సాయం కోసం వచ్చాను" అని, ప్రొఫెసరమ్మ చెప్పిందంతా దాచకుండా చెప్పింది. పార్కు సంగతీ చెప్పింది.

వియ్యపురాలు అంతా వింది. "అయితే మనం పిల్లని ముట్టుకోకుండా ఏం చేస్తాం?" అంది చివరికి.

"నువ్వు కూరలు తరుగు, నేను బట్టలుతుకుతా."

"నువ్వే తరుగు. నీ ఉతుకు నాకు తెలుసు, చొక్కాల కాలర్లు అలాగే ఉంటాయి" అంది వియ్యపురాలు. అప్పటికి రాజీ కుదిరినట్టే.

ఆ రోజునుంచి అమ్మమ్మా నానమ్మా ఇద్దరూ ఆ ఇంటి వెనకభాగాన్ని పంచుకున్నారు. కొత్తత్త విభాగంలో తన పని అయిపోగానే నేరుగా బేకరీ మేడకు వచ్చేది. బంగాళాదుంపల తొక్క తీసేది, ఇస్త్రీ చేసేది, గిన్నెలు బోర్లించేది. ముందు గదిలో కూతురు పిల్లతో నేల మీద కూర్చుని ఉండేది. తినిపించడం, తల దువ్వడం, జోకొట్టడం అన్నీ ఆ అమ్మాయే. అల్లుడు తెల్లవారకముందే పొయ్యి వెలిగించే మనిషి కాబట్టి మధ్యాహ్నానికి పని ముగించుకుని పైకి వచ్చి, ఒంటినిండా పిండి వాసనతోనే పిల్లను గుండె మీద వేసుకుని నిద్రపోయేవాడు.

పిల్ల మాత్రం వంటింట్లోకి రావడం మానలేదు. వచ్చి, కనిపించిన అమ్మమ్మకో నానమ్మకో చేతులు చాపేది. ఊరివాళ్ల పిల్లలు ఏడుస్తుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం ఒక ఎత్తు, సొంత మనవరాలు ఎత్తుకోమని నవ్వుతూ నిలబడితే ఎత్తుకోకపోవడం ఒక ఎత్తు. ఆవిడ చేతులు తుడుచుకుని మోకాళ్ల మీద కూర్చునేది. "అమ్మేదీ? పద, అమ్మ దగ్గరకి పోదాం" అని చిటికెన వేలు అందించి, కూతురి దగ్గర దింపి వచ్చేది. వచ్చి, తరగాల్సిన అవసరం లేని ఉల్లిపాయ ఒకటి తరిగేది. అప్పుడు కళ్లు తుడుచుకున్నా ఎవరూ ఏమీ అనుకోరు. నానమ్మ వంతు వచ్చినప్పుడు ఆమె చెయ్యి దానంతటదే ముందుకు పోయేది. "వదినా!" అని ఈవిడ హెచ్చరించేది. ఈవిడ చెయ్యి పోతే ఆమె గరిటెతో బెదిరించేది. అలా ఒకరినొకరు కాపలా కాసుకుంటూ ఇద్దరికీ మునుపెన్నడూ లేని స్నేహం కుదిరింది.

చాలా వారాలు ఏ మార్పూ కనబడలేదు. పిల్ల అందరికీ నవ్వుతూనే ఉంది. కింద పడితే కిక్కురుమనకుండా లేచి, మోకాలు దులుపుకునేది. గట్టి పిల్ల అని పొరుగింటివాళ్లు మెచ్చుకునేవాళ్లు. ఆ మాట విన్నప్పుడల్లా కూతురు తల్లి మొహంలోకి చూసేది. 

ఒక మధ్యాహ్నం కొత్తత్త విభాగంలో ఉండగా కూతురు ఫోను చేసింది. మాట తడబడుతోంది.

"అమ్మా, అది గడప తట్టుకుని పడిందమ్మా."

"అయ్యో, దెబ్బ తగిలిందా?"

"కొంచెం గీరుకుంది. అది కాదమ్మా, విను. పడి, అటూ ఇటూ చూసింది. నేను కనబడ్డాను. అప్పుడు ఏడ్చింది! నన్ను చూశాక ఏడ్చిందమ్మా!"

ఫోను పట్టుకుని ఆవిడ వరండాలో మెట్టు మీద కూలబడింది. అటుగా వెళ్తున్న ప్రొఫెసరమ్మ ఆ వాలకం చూసి ఏమైందోనని పరుగున వచ్చింది. సంగతి విని, పక్కన తనూ మెట్టు మీద కూర్చుండిపోయింది. 

ఆ తర్వాత కొంతకాలానికి వంటింటి కొళాయి కారడం మొదలుపెట్టింది. అల్లుడు ప్లంబరును పిలిపించాడు. నిలువెత్తు మనిషి, బుర్ర మీసాలు, చేతిలో పనిముట్ల సంచీ. పిల్లలంటే ప్రాణమట. జేబులో ఎప్పుడూ చాక్లెట్లుంటాయట. పిల్ల వంటింటి నేల మీద చెక్క గరిటెతో గిన్నె వాయించుకుంటోంది. అమ్మమ్మా నానమ్మా బల్ల దగ్గర చిక్కుళ్లు వలుస్తున్నారు. ప్లంబరు సంచీ దించి, పిల్ల ముందు గొంతుక్కూర్చుని, బుగ్గలు పొంగించి బాతులా కూశాడు.

గిన్నె చప్పుడు ఆగింది. పిల్ల అతని మొహంలోకి చూసింది. మీసాలు చూసింది. గరిటె చేతిలోంచి జారింది. లేచి, తూలుతూ పరుగెత్తి, ముందు గదిలో బట్టలు మడతపెడుతున్న తల్లి కాళ్లు చుట్టేసుకుని, మొహం దాచుకుని బావురుమంది.

బల్ల దగ్గర ఇద్దరి చేతుల్లోనూ చిక్కుళ్లు అలాగే ఉండిపోయాయి.

"వదినా," అంది నానమ్మ గుసగుసగా, "కొత్త చేసింది!"

"చేసింది వదినా!"

ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని, ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలియకుండా ఊగిపోయారు. ప్లంబరు గాభరాగా లేచి నిలబడ్డాడు. "నేనేం చేయలేదమ్మా! ఒట్టు! ఊరికే బాతు కూత కూశానంతే!"

"నీ బాతు చల్లగుండ నాయనా! కూర్చో, కూర్చో" అని నానమ్మ అతనికి కుర్చీ వేసింది. కొత్తత్త టీ పెట్టింది. బేకరీ నుంచి కేకు తెప్పించారు. అల్లుడు పైకి వచ్చి, విషయం తెలుసుకుని, అతని చెయ్యి పట్టుకుని ఊపేశాడు. పిల్లను భయపెట్టినందుకు ఇంత మర్యాద అతను ఏ ఇంట్లోనూ ఎరగడు. కొళాయి బిగించి, మళ్లీ ఆ ఇంటివాళ్ల మనసు మారేలోపు బయటపడాలన్నట్టు గబగబా మెట్లు దిగిపోయాడు.

ఇంత సందడిలోనూ కూతురు ఉన్నచోటు నుంచి కదల్లేదు. ఒక చెయ్యి పిల్ల తల మీద, ఇంకో చేతిలో సగం మడిచిన దుప్పటి. కదిలితే పిల్ల చేతులు ఎక్కడ సడలిపోతాయోనని భయపడుతున్నట్టు నిలబడి ఉంది. కొత్తత్త గుమ్మం దాకా వచ్చి, అది చూసి వెనక్కి వెళ్లింది.

అన్నీ ఒక్కసారిగా చక్కబడ్డాయని కాదు. బడిలో వేశాక కూడా ఒకటి రెండుసార్లు, ఎవరో పిల్లల్ని దింపడానికి వచ్చిన పెద్దాయన చెయ్యి పట్టుకుని గేటు దాటబోయింది. టీచరుకు ముందే చెప్పి ఉంచారు కాబట్టి ఆమె కనిపెట్టుకుని ఉండేది. ప్రొఫెసరమ్మ అది వింటే, "ఉంటుంది కొంతకాలం, కంగారుపడకండి" అనేది. కంగారుపడటం ఎవరూ మానలేదు గానీ, మునుపటి కంగారు కాదది.

ఇంకా బడిలో వేయకముందే, సెలవు అయిపోయి కూతురు పోస్టాఫీసుకు వెళ్లడం మొదలుపెట్టిన వారంలో, ఒకనాడు కొత్తత్త ఇస్త్రీ చేస్తూ ఉంది. పిల్ల తలుపు దగ్గర నిలబడి, "అమ్మ ఏదీ?" అని చాలాసేపు గునిసింది. అమ్మ పొద్దు వాలాక వస్తుందని అమ్మమ్మ చెప్పింది. పిల్ల తలుపువైపు చూసింది, మళ్లీ అమ్మమ్మవైపు చూసింది. నడిచి వచ్చి, ఆవిడ మోకాలికి తల ఆనించి, "అమ్మమ్మా, ఎత్తుకో" అంది.

ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. ఎత్తుకుంది. ఇన్నాళ్ల బాకీ కాబట్టి గట్టిగా హత్తుకుందామనుకుంది గానీ, చివరి క్షణంలో తమాయించుకుని, పిల్ల ఎంత గట్టిగా పట్టుకుందో తనూ అంతే గట్టిగా పట్టుకుంది.

ఊళ్లో దాదాపు ప్రతి ఇంట్లోనూ ఆవిడ మొహం ఎరిగినవాళ్లు తయారయ్యాక, ఆ గదిలోకి వెళ్లడానికి ప్రొఫెసరమ్మ మరో మనిషిని తీసుకుంది. రైల్వే స్టేషనులో ప్రకటనలు చదివిన ఒక యువతి. ఆమెకు పని నేర్పే బాధ్యత కొత్తత్తకే అప్పగించారు. "లోపలికి వచ్చేటప్పుడు మొహం అలా వెలిగించుకోకమ్మా, చుట్టాల ఇంటికి పోతున్నామా?" అని మొదలుపెట్టి, ఆ అమ్మాయి చెవులు చిల్లులు పడేలా చెప్పేది. నేర్పడం పూర్తయ్యాక ప్రొఫెసరమ్మ ఆవిణ్ని విభాగం వాళ్లు నడిపే పసిపిల్లల బడికి మార్చింది. అక్కడ నోరు కట్టేసుకోవలసిన అవసరం లేదు. పొద్దున గేటు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి పిల్లనూ పిల్లవాణ్నీ పేరు పెట్టి పిలిచి, నిన్న ఊడిన పన్ను ఏమైందో, ఇంట్లో పిల్లి ఈనిందో లేదో అడిగి మరీ లోపలికి పంపుతుంది.

మనవరాలు చదివేది కూడా ఆ బడిలోనే. సాయంత్రాలు ఇద్దరూ కలిసి బేకరీ వైపు నడుస్తారు. దారిపొడవునా అమ్మమ్మ మాట్లాడుతుంది. మనవరాలు మధ్యలో అందుకుని అంతకంటే ఎక్కువ మాట్లాడుతుంది. గడియారాల కొట్టు ముందు ఆగి, తాతయ్యకు ఆ రోజు ఎవరు ఎవర్ని గిల్లారో చెప్పాలి. ఆయన పని ఆపి మొత్తం వింటాడు. అక్కణ్నుంచి మలుపు తిరగగానే వేడి రొట్టెల వాసన తగులుతుంది. పిల్ల ఆవిడ చెయ్యి విడిపించుకుని, "నాన్నా, ఆకలి!" అని అరుస్తూ బేకరీలోకి పరుగెత్తుతుంది.